నేర్చినదానిని నిలుపుకొను విద్య : గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితము

విద్యను ఆర్జించుట యొక యెత్తు; ఆర్జించినదానిని నిలుపుకొనుట మరియొక యెత్తు. చెరువు ఒక్క వానకు నిండవచ్చును. కాని కట్ట బలహీనమైనచో ఆ నీరు పంటకాలము వరకు నిలువదు. వానలు చాలని రాయలసీమలో ఈ సంగతి సేద్యగానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. చదువు విషయమునను అంతే. చిన్ననాడు రెండేండ్లు బడికి పోయి, గుణింతములు దిద్ది, వాచకము చదివిన బాలుడు ఆవులవెంటను గొఱ్ఱెలవెంటను పొలము పట్టుకొని తిరిగి, ఇరువదియేండ్ల వయస్సునాటికి తన పేరు తాను వ్రాయలేనివాడగుట ఈ సీమలో తరతరములుగా జరిగినది. బడికి పోనివాని దుఃఖమొక విధము. బడికి పోయియు మరచినవాని దుఃఖము ఇంకొక విధము. వానికి చదువుకొన్నానన్న జ్ఞాపకము మాత్రము మిగులును, చదువు మిగులదు.

ఈ మరపును గ్రామమునుండి తరుమవలెనన్నచో బడి యొక్కటియే చాలదు. బడి విడిచినవానికి జీవితాంతము అక్షరములతో పరిచయము తెగకుండునట్లు చేయు సంస్థ యొకటి ఊరూర వెలయవలెను. ఆ సంస్థయే గ్రంథాలయము. ఈ సత్యమును నమ్మి, దానికొఱకు శ్రమించిన మహనీయులలో అగ్రగణ్యులు కర్నూలు గడ్డపై పుట్టిన శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. రాజకీయ నాయకులుగను, పత్రికా రచయితలుగను, కారాగారవాసమొనర్చిన దేశభక్తులుగను వారి పేరు ప్రసిద్ధము. అయితే గ్రామ గ్రంథాలయములో అడుగిడు ప్రతి పాఠకుడును వారికి వేరొక విధముగా ఋణపడియున్నాడు.

బాల్యము, విద్య

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో భాగీరథీబాయి, వెంకటరావు దంపతులకు జన్మించిరి. తుంగభద్ర, హంద్రీ నదులు కలియుచోట వెలసిన ఆ పట్టణము నీటికి చేరువగనే యున్నను, చుట్టునున్న సీమ మెట్టసీమ. 1876 మొదలు 1878 వరకు సాగిన ఘోరక్షామము గడచి అప్పటికి ఐదేండ్లు మాత్రమే. గంజికేంద్రముల కథలు, ఖాళీయైన పల్లెల కథలు పెద్దలనోట ఇంకను వేడివేడిగా వినవచ్చుచుండెను. అట్టి సీమలో సామాన్య కుటుంబమునకు చెందిన పిల్లవాడు ఉన్నతవిద్యను ఆశించుటయే సాహసము.

ఆనాటి చదువునకు పునాది వీధిబడి. అరుగుపై ఇసుక పోసి, వ్రేలితో ఓనమాలు దిద్దించి, దిద్దిన ప్రతి యక్షరమును గట్టిగా పలికించుట వీధిబడి పద్ధతి. సాయంకాలము పిల్లలందరును వరుసగా నిలువబడి ఎక్కములు, నీతిశతకముల పద్యములు, తిథి వార నక్షత్రములు, సంవత్సరముల పేర్లు ఏకకంఠమున వల్లె వేయుచుండిరి. నిన్నటి పాఠము అప్పగించినగాని నేటి పాఠము లేదు. ఈ బడులలో లోపములు లేకపోలేదు. అర్థము తెలియక వల్లించుట అధికము. బెత్తము అంతకంటెను అధికము. కాని వ్రేలు, కన్ను, చెవి, నాలుక నాలుగును ఒకేసారి పనిచేయుటవలన నేర్చినది ఎముకలలో నాటుకొనుచుండెను. ఎనుబదియేండ్ల ముసలివారు ఇరువదవ యెక్కమును తడుముకొనక చెప్పుట ఆ పద్ధతి ఫలితమే.

ఈ ప్రాంతముననే చదువు మొదలిడిన హరిసర్వోత్తమరావుగారు కష్టపడి, ఉపకారవేతనము ఊతగా మద్రాసు చేరి, 1906లో ఎం. ఏ. పట్టము పొందిరి. ఆనాడు తెలుగువారిలో ఆ పట్టము పొందినవారు అరుదు. భారతదేశమున 1901 జనాభా లెక్కల ప్రకారము చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ఆరుగురైనను లేరు. అట్టి కాలమున ఎం. ఏ. పట్టము గలవానికి దొరతనమువారి కొలువులో మంచి జీతము, హోదా, కడపట పింఛను తప్పక లభించునవి. వారి ముందున్న బాట అదియే.

వందేమాతరమ్

ఉపాధ్యాయ వృత్తియందలి మక్కువచే వారు రాజమహేంద్రవరములోని శిక్షణ కళాశాలలో చేరిరి. 1905లో జరిగిన వంగదేశ విభజనతో దేశమంతట స్వదేశీ మంట లేచియుండెను. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి, రాజమహేంద్రవరములో ఉపన్యాసములిచ్చిరి. ఆ ఉపన్యాసములు విన్న విద్యార్థులు వందేమాతర ముద్రికలు ధరించి తరగతులకు పోవ నారంభించిరి. అధికారులు కన్నెఱ్ఱజేసిరి. హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. ప్రభుత్వోద్యోగమునకు వారు అర్హులు కారని నిషేధమును విధింపబడెను. ఏండ్ల తరబడి ప్రోగుచేసికొన్న విద్యకు లోకము ఇచ్చు ప్రతిఫలము ఒక్క దినములో చేయిజారిపోయెను. ఆనాటికి వారి వయస్సు ఇరువదినాలుగేండ్లు నిండలేదు.

సర్కారు బడిలో కొలది పిల్లలకు పాఠము చెప్పు అవకాశము అట్లు తప్పిపోయినది. కాని తక్కిన జీవితమంతయు వారు బోధకులుగనే యుండిరి. వారి తరగతి ఆంధ్రదేశము. వారి విద్యార్థులు బడి ముఖము చూడనివారును, చూచియు మరచినవారును.

లింకను కథ

శ్రీ కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును మిత్రులును 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్ర, శాస్త్రము, మహనీయుల జీవితములు సామాన్యునికి అందు వెలకు తెలుగున అందించుట ఆ మండలి సంకల్పము. ఆ మండలికొఱకు హరిసర్వోత్తమరావుగారు అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసిరి. అది 1907లో వెలువడెను.

లింకనును ఎన్నుకొనుటలో ఔచిత్యము గలదు. అడవిలో కొయ్యగుడిసెయందు పుట్టిన లింకను బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరమునకు మించవు. అయినను ఆయన నేర్చినది మరువలేదు. అందుకు కారణములైన అలవాట్లు చరిత్రకారులు ఎఱిగినవే. చదువునప్పుడు ఆయన పైకి చదువుచుండెడివాడు. కన్నుతోపాటు చెవియు ఆ విషయమును గ్రహించి మనసున నిలుపునని ఆయన విశ్వాసము. పుస్తకములో నచ్చిన భాగము కనబడినప్పుడు కాగితము లేకున్నచో బల్లచెక్కపై వ్రాసికొనెడివాడు. కాగితము దొరకిన పిదప దానిపైకి ఎక్కించి, మరల మరల చూచి, చూడక చెప్పుకొని, ఆ పిమ్మట భద్రపరచెడివాడు. ఇరుగుపొరుగువారివద్ద పుస్తకములు ఎరువు తెచ్చుకొని చదివెడివాడు. పేదవాని యింట గ్రంథాలయము లేనపుడు ఊరి పుస్తకములే వానికి గ్రంథాలయమని ఆ జీవితము చాటుచున్నది. కర్నూలు సీమలో పేదరికమును చవిచూచిన యువకుడు ఆ కథను తెలుగువారికి చెప్పుటకు పూనుకొనుట సహజమే.

కారాగారము

1908లో హరిసర్వోత్తమరావుగారు బెజవాడనుండి స్వరాజ్య అను వారపత్రికను నడపిరి. ఆ సంవత్సరమే తిరునల్వేలిలో ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపిరి. దానిని ఖండించుచు స్వరాజ్యలో వెలువడిన వ్యాసమును రాజద్రోహముగ నెంచి ప్రభుత్వము వారిపై అభియోగము తెచ్చెను. క్రింది న్యాయస్థానము శిక్ష విధించెను. అది చాలదని ప్రభుత్వము పైకి పోగా మద్రాసు హైకోర్టు దానిని మూడేండ్ల కఠినశిక్షగా పెంచెను. ఎం. ఏ. చదివిన విద్వాంసుడు వెల్లూరు చెరసాలలో సామాన్య నేరస్థులతో సమానముగ బ్రదుకవలసివచ్చెను. రాజకీయ ఖైదీలకు ప్రత్యేకమైన మర్యాదలు ఆనాటికింకను ఏర్పడలేదు.

విడుదలయై వచ్చినపిదప బయటి లోకమును వారికి మరియొక చెరసాలగనే యుండెను. రాజద్రోహియని ముద్ర పడినవానికి కొలువిచ్చుటకు మాత్రమే కాదు, ఇంట చోటిచ్చుటకును జనులు జంకుచుండిరి. ఆ దుర్దినములలో ఆదుకొన్నవారు లక్ష్మణరావుగారు. విజ్ఞానచంద్రికా మండలి అప్పటికి మద్రాసునకు మారియుండెను. లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వ నిర్మాణమున హరిసర్వోత్తమరావుగారు తోడ్పడిరి. ఒక జాతికి తెలిసినదంతయు అకారాది క్రమమున కూర్చి, ఎవరికి కావలసినపుడు వారికి అందునట్లు చేయుటయే విజ్ఞానసర్వస్వము. ఒక్కని జ్ఞాపకశక్తికి హద్దు కలదు. జాతి జ్ఞాపకశక్తిని పుస్తకములలో నిక్షేపించినచో దానికి హద్దు లేదు. ఈ పనిలో గడచిన కాలము వారి తరువాతి జీవితమునకు దారి చూపినదనిన తప్పు లేదు.

శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువడ నారంభించినపుడు హరిసర్వోత్తమరావుగారు దాని సంపాదకవర్గమున పనిచేసిరి. అనీబిసెంటుగారు నెలకొల్పిన హోంరూలు ఉద్యమమునకు ఆంధ్రదేశమున ప్రచారకులైరి. కలము వారిని విడువలేదు. వారును కలమును విడువలేదు.

గ్రంథాలయోద్యమము

ఆంధ్రదేశమున గ్రంథాలయములు ప్రభుత్వమువలన పుట్టలేదు, ప్రజలవలన పుట్టినవి. 1886లో విశాఖపట్టణమున ఒక బడిపంతులు, మంతెన ఆదినారాయణమూర్తిగారు, గ్రంథాలయము నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసెను. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఆ సభయందే పుట్టెను. గ్రంథాలయ సర్వస్వమను పత్రికయు పిమ్మట వెలువడెను.

ఈ సంఘమునకు హరిసర్వోత్తమరావుగారు అనేక సంవత్సరములు అధ్యక్షులుగనుండి దానిని నడపిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు, పాతూరి నాగభూషణముగారు మొదలగు కార్యదక్షులతో కలిసి ఊరూర తిరిగి, సభలు జరిపి, గ్రామస్థులచేత గ్రంథాలయములు పెట్టించిరి. కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టుకొని పోయి ఒడ్డునున్న పల్లెలకు పంచిన విచిత్రమైన ప్రయత్నము 1935లో నాగభూషణముగారి ఆధ్వర్యమున జరిగినది. గ్రంథాలయమునకు పాఠకుడు రానిచో గ్రంథాలయమే పాఠకునివద్దకు పోవలెనను భావము ఆనాటి కార్యకర్తలకు ఊపిరి.

కాలువలున్న సీమలో పడవ పోవును. కాలువలు లేని సీమలో ఏది పోవును? సుంకేసుల ఆనకట్టనుండి కడపదాక సాగిన కర్నూలు-కడప కాలువ తప్ప ఈ ప్రాంతమున నిలకడగల నీరు అరుదు. దారులు దూరములు, ఊళ్లు ఎడమెడములు. పంట లేనియేడు చందా లేదు. చందా లేనిచో పత్రిక రాదు. ఇచ్చట గ్రంథాలయము పెట్టుటకంటె దానిని పది సంవత్సరములు నిలుపుట కష్టము. ఈ కష్టమును హరిసర్వోత్తమరావుగారు పుట్టుకతో ఎఱుగుదురు. గ్రంథాలయమునకు దాతల దయ చాలదనియు, చట్టముచే స్థిరమైన ఆదాయము ఏర్పడవలెననియు గ్రంథాలయోద్యమము పట్టుపట్టుటకు ఇట్టి ఊళ్ల అనుభవమే బలమైన కారణము.

మరపుతో పోరాటము

గ్రంథాలయముతోపాటు వారు చేపట్టిన మరియొక మహాకార్యము వయోజనవిద్య. పగలంతయు మడకపట్టి, రాయికొట్టి, నూలు వడికి అలసినవారికి రాత్రివేళ లాంతరు వెలుగులో చదువు చెప్పుట ఆ కార్యము. పెద్దవారు చదువు నేర్వలేరను అపోహ లోకమున బలముగ నుండెను. ఆ యపోహ నిజము కాదు. పెద్దవారు త్వరగనే నేర్తురు. కాని అంతకంటె త్వరగ మరతురు. బుద్ధిమాంద్యము దీనికి కారణము కాదు. మరునాడు ఆ యక్షరములతో వారికి పని యుండదు, అందువలననే మరపు.

1929లో వెలువడిన హార్టాగు సంఘమువారి నివేదికయందు ఈ సంగతి స్పష్టముగ చెప్పబడినది. బడిలో చేరిన పిల్లలలో అధికభాగము నాలుగవ తరగతి చేరకముందే మానివేయుచున్నారనియు, కొంత నేర్చినవారును మరల నిరక్షరాస్యులగుచున్నారనియు ఆ సంఘము గుర్తించెను. ఇట్లు మరచినవాని నష్టము ఏమని చెప్పవచ్చును? చేసిన అప్పునకు ప్రోనోటుపై సంతకము చేయుటకు బదులు వేలిముద్ర వేయును. అందు వ్రాసిన మొత్తమెంతయో వానికి తెలియదు. పట్టా కాగితము పెట్టెలో భద్రముగనుండును. అందలి సర్వే నంబరు తన పొలముదో పొరుగువానిదో ఎఱుగడు. కొడుకు దూరదేశమునుండి వ్రాసిన కార్డు పట్టుకొని చదివిపెట్టువానికై వీధి వీధి తిరుగును. ఇంటి గుట్టు ఊరి గుట్టగును. ఒకనాడు తానును ఈ యక్షరములు దిద్దినవాడనేయని తలచుకొనుటకంటె వానికి వేరు శిక్ష లేదు.

మరపునకు ఒక క్రమము కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. జర్మను దేశీయుడైన ఎబ్బింగ్ హాసు అర్థములేని పదముల పట్టికలను తానే వల్లించి, ఎంతకాలమునకు ఎంత మరచునో లెక్కించి, 1885లో గ్రంథము ప్రకటించెను. నేర్చిన మొదటి గంటలోనే సగమునకు మించి మరచుననియు, ఆ పిమ్మట మరపు వేగము తగ్గుననియు ఆయన పరీక్షలవలన తేలినది. పూర్తిగ మరచితిమనుకొన్నదానిని సయితము రెండవసారి నేర్చుటకు మొదటిసారి పట్టినంత కాలము పట్టదనియు ఆయన చూపెను. చదువు మరచినవానికి ఇంతకంటె ఊరటనిచ్చు మాట లేదు. అక్షరము మనసునుండి పూర్తిగ చెరిగిపోదు, దుమ్ము కప్పబడును. తుడిచినచో మరల వెలుగును.

తుడుచు విధము దినచర్యలోని చిన్న చిన్న అలవాట్లలోనే యున్నది. ఒకనాడు నాలుగు గంటలు చదివి నెల దినములు మానుటకంటె, దినమునకు పావుగంట చదువుట మేలు. నిన్న చదివినదానిని నేడు పుస్తకము మూసి తలచుకొనవలెను. తట్టనిచోట మాత్రమే పుస్తకము తెఱవవలెను. ఊరక మరల మరల చదువుటకంటె ఇట్లు మనసునుండి తోడితెచ్చుకొనుట అధిక ఫలప్రదమని ఇటీవలి పరిశోధనలును రుజువు చేసినవి. వీధిబడి పంతులు పాఠము అప్పగించుకొనుటలోని మర్మమిదియే. చదివినదానిని ఇంటివారికి చెప్పవలెను. చెప్పబూనినపుడుగాని మనకు ఎంత తెలిసినదో తెలియదు. వినిన క్రొత్త మాటను చేతితో వ్రాసికొనవలెను. రాత్రి నిద్ర చాలినంత యుండవలెను. పగలు నేర్చినది గట్టిపడుట నిద్రలోనే జరుగుచున్నదని నేడు స్థిరపడినది. వీనికి ధనము అక్కరలేదు, మందులు అక్కరలేదు, నియమము మాత్రము కావలెను.

నియమమునకు తోడు కావలెను. ఒంటరిగ పావుగంట చదువవలెనని సంకల్పించినవాడు మూడవనాడు మానును. అదియే సాయంకాలము పదిమంది కూడు చోటున్నచో మానడు. గ్రామ గ్రంథాలయము చేయు మేలు ఇదియే. పత్రిక వచ్చినదన్న వార్తయే కాళ్లను అటు నడిపించును. ఆ దినములలో ఆంధ్రదేశపు గ్రంథాలయములలో చదువు వచ్చినవాడొకడు పత్రికను గట్టిగా చదువుచుండ, రానివారు చుట్టు కూర్చుండి వినుట సర్వసామాన్యము. విన్నవారు రచ్చకట్టపై దానినిగూర్చి వాదించిరి. వాదములో నెగ్గుటకు మరునాడు మరల వచ్చిరి. రాత్రిబడిలో క్రొత్తగ అక్షరములు నేర్చినవాడు పెద్ద అక్షరముల శీర్షికలను కూడబలుకుకొనెను. చదువుట, వినుట, చెప్పుట, మరల వచ్చుట అను నాలుగును అచ్చట తమంతతామే జరిగెను. వయోజనవిద్యను, గ్రంథాలయమును హరిసర్వోత్తమరావుగారు రెండు కన్నులుగ చూచుటలోని వివేకము ఇందుండి గ్రహింపవచ్చును. రాత్రిబడి విత్తనము నాటును. గ్రంథాలయము నీరు పెట్టును. ఒకటి లేనిచో రెండవది వ్యర్థము.

వయోజనులకు తగిన పుస్తకములు వేరుగ నుండవలెననునదియు ఈ ఉద్యమమువారు ఎఱిగిన విషయము. పెద్దవానికి పిల్లల వాచకమిచ్చినచో వానికి సిగ్గు. పండితుల గ్రంథమిచ్చినచో వానికి భయము. వాని సేద్యము, వాని పశువులు, వాని ఆరోగ్యము, వాని పన్నులు, వాని భక్తిపాటలు వానికి తెలిసిన మాటలలో నుండవలెను. తెలిసినదానికి ముడిపెట్టిన క్రొత్త విషయము మనసున నిలుచును. గాలిలో వ్రేలాడు విషయము నిలువదు. ఎద్దు అను మాటను ఎద్దును తోలువాడు ఒక్కసారి చూచి గుర్తుంచుకొనును.

చట్టము, తుది దినములు

ఉద్యమమువారి చిరకాల వాంఛితము స్వాతంత్ర్యానంతరము నెరవేర నారంభించెను. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలితముగ 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము వచ్చెను. ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలుచేసి, ఆ ధనముతో జిల్లాకొక గ్రంథాలయ సంస్థను నడుపుట దాని ముఖ్యాంశము. ఆనాడు కర్నూలు, కడప జిల్లాలును మద్రాసు రాష్ట్రములోనివే. ఊరి ప్రతి యిల్లును తెలిసియో తెలియకయో తన వంతు కాసు వేయుటచే గ్రంథాలయము ఎవరి దయాధర్మమో కాక అందరి హక్కు అయ్యెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయ్యెను. వందేమాతర ముద్రిక కారణముగ సర్కారు కొలువునుండి త్రోయబడిన యువకుడు పుట్టిన పట్టణమున తెలుగువారి ప్రభుత్వము కొలువుతీరెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించి రాజధాని హైదరాబాదునకు మారువరకు కర్నూలునకు ఆ గౌరవము దక్కెను. హరిసర్వోత్తమరావుగారు ఆ రెండు శుభదినములను కన్నులార చూచిరి. పదవులకంటె వయోజనవిద్యా ప్రచారమును, గ్రంథాలయ సేవయే వారికి ప్రీతిపాత్రములైనవి.

1960 ఫిబ్రవరి 29వ తేదీన వారు కీర్తిశేషులైరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియారేండ్లు. రాష్ట్రమంతటికిని వర్తించు ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము ఆ 1960వ సంవత్సరముననే అమలులోనికి వచ్చెను. నాటిన చెట్టు కాయగాచు వేళకు తోటమాలి కన్నుమూసినట్లయ్యెను.

నేటికిని మిగిలిన పని

వారి తరువాత కాలము ఊరక యుండలేదు. 1951లో దేశమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి పదునెనిమిదిమంది. 2011 నాటికి డెబ్బదినలుగురు. కర్నూలు జిల్లాలో 2011 లెక్కల ప్రకారము నూటికి అరువదిమంది. అనగా నలువదిమందికి అక్షరము ఇంకను అందలేదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషను ఏర్పడినపుడు, నేర్చినవారు మరువకుండుటకు అనంతరవిద్య ఏర్పాట్లు కావలెనని ప్రభుత్వమే గుర్తించెను. 1990 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో అక్షరోద్యమము సాగి, రాత్రిబడికి వచ్చిన స్త్రీలు వాచకములోని పాఠమునుగూర్చి చర్చించుకొని, దూబగుంట మొదలగు గ్రామములలో సారాపై తిరుగుబాటు చేసిన సంగతి దేశమంతటికిని తెలియును. నేర్చిన అక్షరము పనికి వచ్చినపుడు ఎవరును దానిని మరువరని ఆ తల్లులు నిరూపించిరి.

ఈ సీమలో మరపునకు నేటికిని ఒక దారి తెఱచియే యున్నది. వానలు తప్పిన యేడు ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కుటుంబములు పిల్లలతో సహా సుగ్గికి పోవును. నెలల తరబడి బడి తెగును. తిరిగి వచ్చిన బిడ్డకు తరగతి ముందుకు పోయియుండును. తాను వెనుకకు పోయియుండును. అట్టి బిడ్డకు చేతికందు దూరమున, సిగ్గుపడక కూర్చుండి మరచినది మరల చూచుకొనుటకు, గ్రామ గ్రంథాలయముకంటె వేరు చోటేది? ఎంతకాలము రాకున్నను పేరు కొట్టివేయని బడి అది. వయస్సు అడుగదు, పరీక్ష పెట్టదు, తలుపు తీసియుంచును.

ఒక గ్రామము ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయమును నిలుపుకొన్నదన్నచో ఆ గ్రామము తన జ్ఞాపకశక్తిని నిలుపుకొన్నదని అర్థము. రజతోత్సవముల తోరణములు నాలుగు దినములలో వాడును. వాడనిది దినదినమును సాయంకాలము దీపము పెట్టి తలుపు తీయు అలవాటు. వచ్చిన ప్రతివాడును పావుగంట చదివి, చదివినదానిలో ఒక్క సంగతిని ఇంటికి పోయి చెప్పి, మరునాడు తనతో మరియొకని తోడ్కొనివచ్చినచో హరిసర్వోత్తమరావుగారికి వేరు స్మారకచిహ్నము అక్కరలేదు. కర్నూలులో పుట్టి, కొలువు కోలుపోయి, చెరసాల చూచి, బడి లేనివారికి బోధకుడై బ్రదికిన ఆ మహనీయుని జీవితము చెప్పునది ఇంతే: విద్య ఒకనాటి వాన కాదు, అది దినము దినము తోడుకొనవలసిన బావి.